కురచ వేర్ల మిరప నారు

2023 ఆగస్టు. ఖమ్మం బస్టాండులో పొద్దున ఆరింటికి భద్రాచలం బస్సు ఎక్కినప్పుడు నా సంచిలో ఒక గాజు గ్లాసు, రెండు కొత్త బ్లేడ్లు, భూతద్దం, పాత వార్తాపత్రికలు, ఒక ఐస్ డబ్బా ఉన్నాయి. మనుషుల డాక్టర్లకు మెడలో స్టెతస్కోపు ఉన్నట్టు మాకేమీ ఉండదు. ఊళ్లోకి వెళ్లినప్పుడు ఆ గాజు గ్లాసే మాకు దిక్కు.

నేను ప్లాంట్ పాథాలజిస్టుని. మొక్కకు జబ్బు చేస్తే అది బూజువల్ల వచ్చిందా, బాక్టీరియావల్లా, వైరస్‌వల్లా, లేక రైతు ప్రేమ ఎక్కువైపోవడంవల్లా అన్నది తేల్చడం నా పని. చివరి రకం మీరనుకునేదానికన్నా ఎక్కువే ఉంటుంది. ఖమ్మంలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. బిర్యానీ ప్లేటు చూసినప్పుడు రాని వెలుగు క్రిముల ప్లేటు చూస్తే నీ మొహంలో వస్తుందని మా ఆయన ఏడిపిస్తుంటాడు. కాదనలేను. ఈ ఉద్యోగంలో నేను చూసిన అన్ని కేసుల్లోకీ నాచేత ఎక్కువ గంతులు వేయించింది, నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది ఈ మిరప నారు కేసే.

ముందురోజు ఫోన్ చేసిన మనిషి పేరు ఎస్తేరు. సారపాక దాటాక, ఒక పక్క జామాయిల్ తోటలు, ఇంకో పక్క అడవి మొదలయ్యే చోట ఆమె షేడ్‌నెట్ నర్సరీ పెట్టుకుంది. షేడ్‌నెట్ అంటే ఎండను సగానికి వడగట్టే ఆకుపచ్చ వల పందిరి. అంతకుముందు పదమూడేళ్లు ఒక జామాయిల్ నర్సరీలో కాంట్రాక్టు పని చేసింది. మంచి చెట్టునుంచి కొమ్మలు కోసి, వాటికి వేర్లు పుట్టించి, అచ్చంగా అలాంటి చెట్లనే వేలకొద్దీ తయారుచేసే పని అది. ఆ పని మానేసి, తనతో కొమ్మలు గుచ్చిన పది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని, మొట్టమొదటిసారి సొంతంగా మిరప నారు పోసింది. లక్ష మొక్కలు. పదిహేను మంది రైతులకు మాట ఇచ్చింది. వాళ్లలో ఒకాయన నారు చూడ్డానికి వచ్చి, ఒక మొక్క పీకి, రోగం నారు అనేసి వెళ్లాడట. ఆ మాట సాయంత్రానికల్లా మిగతా పద్నాలుగు మందికీ చేరిపోయింది. నారు పోతే నర్సరీ పోయినట్టే, మళ్లీ ఎవరి షెడ్డులోనో కొమ్మలు గుచ్చాల్సిందే అని ఫోన్‌లో చెప్పింది. ఏడవలేదు.

నేను వెళ్లేసరికి, నా రాక సంగతి తెలిసి, ఆ రైతు కూడా మళ్లీ వచ్చి ఉన్నాడు. వెంకట్రావు గారిది వేంసూరు. తాతల నాడు కృష్ణా వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ ఏడాది వానలకు తమ చుట్టుపక్కల నారుమళ్లు కుళ్లిపోవడంతో నారు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడు. ఆయన్ను చెడ్డవాడిగా చూపించడం నాకు ఇష్టం లేదు. కొన్నేళ్ల కిందట ఎక్కడో కొన్న నారుతోపాటు ఎండు తెగులును కూడా పొలానికి తెచ్చుకున్నాడు. ఆ తెగులు క్రిమి ఒకసారి నేలలో చేరితే ఏళ్లతరబడి పోదు. ఆ రెండెకరాలూ ఇప్పటికీ మిరపకు పనికిరావడం లేదు. అందుకే ఆయన నారు కొనేముందు ఆకు చూడడు, వేరు చూస్తాడు.

నేను బస్సు దిగి చెమట తుడుచుకునేలోపే ఒక మొక్కను ట్రేలోంచి పీకి నా అరచేతిలో పెట్టాడు. "చూడండి మేడం గారూ. ట్రే గుంత అడుగుదాకా దిగాల్సిన తల్లివేరు సగంలో ఆగిపోయింది. ఇది ఆరోగ్యమైన నారంటే నేనెట్లా నమ్మాలి?"

ఆయన చెప్పింది నిజమే. ముప్పై రోజుల మిరప మొక్కకు ఉండాల్సిన సన్నటి పొడవాటి తల్లివేరు లేదు. కురచగా, లావుగా, చివర మొండిగా ఉంది. దాని చుట్టూ పిల్లవేర్లు గుత్తులుగా, వాటిమీద నూగు దట్టంగా ఉన్నాయి. ఇంకో నాలుగు ట్రేలలోంచి పీకి చూశాను. అన్నీ అంతే.

బోరు మోటారు పక్కన మూలకున్న ఎనిమిది ట్రేలలో మొక్కలు అప్పటికే తలలు వేలాడేశాయి. ఆకు పచ్చగానే ఉంది, మొక్క మాత్రం వాలిపోయింది. ఇది బాక్టీరియా ఎండు తెగులు లక్షణం. సంచిలోంచి గ్లాసు తీసి మంచినీళ్లు పోశాను. వాలిన మొక్క కాండాన్ని మొదట్లో బ్లేడుతో కోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా పట్టుకుని నిలబడ్డాను. దీన్ని ఊజ్ టెస్ట్ అంటారు. లోపల క్రిమి ఉంటే కోసిన చోటునుంచి తెల్లని పాలదారం లాంటిది నీళ్లలోకి జారుతుంది. ఆ దారం నిండా లక్షలకొద్దీ క్రిములే. రెండు నిమిషాలు గడిచాయి. పని చేసే ఆడవాళ్లు కోయభాషలో ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. దారం జారింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మూలన వాలిన మొక్కల్లో క్రిమి కనిపించింది. నర్సరీ అంతటా వేర్లు కురచగా ఉన్నాయి. రెండూ ఒకటే రోగమని, మూలన ముదిరిందని, మిగతా చోట్ల ఇప్పుడే మొదలైందని నేను అక్కడికక్కడే ముడిపెట్టేశాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి ముడి వేయడం చాలా తేలికగా వస్తుంది.

"ఎస్తేరక్కా, ఒక్క ట్రే కూడా బయటికి పోవద్దు. మొత్తం తగలబెట్టాలె," అన్నాను.

వెంకట్రావు గారు తల పంకించి, చెప్పులేసుకోవడానికి కదిలాడు. ఎస్తేరు పందిరి మధ్యకు నడిచి, ఒక ట్రే ఎత్తి తెచ్చి నా ముందు దించింది.

"మేడమ్, మూలకున్న ఎనిమిది ట్రేలు కాలబెట్టున్రి, నేను అడ్డం రాను. గవి సచ్చినయ్. ఇవి సచ్చినట్టు నాకు అనిపిస్తలేదు. మీరు వేరు జూసిన్రు, జర ఆకు గూడ జూడున్రి."

చూశాను. ముదురాకుపచ్చ. నిటారుగా నిలబడి ఉన్నాయి. వంచి వదిలితే స్ప్రింగులా లేస్తున్నాయి. నిజం చెప్పాలంటే అంత కళగల నారు ఆ సీజన్లో నేను ఎక్కడా చూడలేదు. వచ్చి అరగంటైనా నేను ఆకుల్ని సరిగా చూడనే లేదు.

ఎస్తేరు ఒక మొక్క పీకి, మట్టి దులిపి, వేరును వేళ్లమధ్య పట్టుకుంది. "మా జామాయిల్ నర్సరీల కొమ్మకు రూటింగ్ పౌడర్ ముంచి పెడ్తుంటిమి. పౌడర్ ఎక్కువైన కొమ్మకు అచ్చం గిట్లనే వస్తది. పొడుగు రాదు, కురచగ, గుత్తిలెక్క, నూగునూగుగ వస్తది. కానీ ఆ కొమ్మ సావదు మేడమ్. నాలుగు దినాలు ఉత్త నీళ్లు పోస్తే మల్ల మంచిగైతది."

ఆ వేరును ఆమె చేతిలోంచి దాదాపు లాక్కున్నాను. ఎందుకో చెప్పాలంటే ఆ పౌడర్ ఏమిటో చెప్పాలి. వేరులేని కొమ్మకు వేరు పుట్టించేది ఆక్సిన్ అనే హార్మోన్. మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. దాని కబుర్లన్నీ హార్మోన్లతోనే నడుస్తాయి. ఆక్సిన్ చెబితే వేర్లు పుడతాయి. ఎథిలీన్ చెబితే కాయ పండుతుంది, ఆకు వాలుతుంది. ఆక్సిన్ కొంచెం ఉంటే వేరు సాగుతుంది. మోతాదు మించితే తల్లివేరు సాగడం ఆగిపోయి, పిల్లవేర్లు, నూగు కుప్పలుగా వస్తాయి. పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మ నేను చూశాను, పరీక్షలో గీశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. పదమూడేళ్లు కొమ్మలు గుచ్చిన మనిషి వచ్చి చెప్పేదాకా నా చేతిలోని వేరులో ఆ బొమ్మ నాకు కనిపించలేదు.

మిరప నారుకు రూటింగ్ పౌడర్ ఏమైనా కలిపావా అని అడిగాను. లేదంది. మరి ఈ వేర్లకు ఆక్సిన్ ఎక్కడినుంచి వచ్చింది? ఏమేం పోశావో మొదటినుంచి చెప్పమని ఒక బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాను. వెంకట్రావు గారు కూడా చెప్పులు విప్పేసి మళ్లీ లోపలికి వచ్చాడు.

మొదట్లో అన్నీ మామూలు సంగతులే. కొబ్బరి పొట్టు, విత్తనం, నీళ్లు. తర్వాత సూడోమోనాస్ పొడి వచ్చింది. సూడోమోనాస్ వేరుమీద కాపురం పెట్టే మేలుచేసే బాక్టీరియా. వేరునుంచి కారే చక్కెరలు తిని, బదులుగా చెడ్డ క్రిముల్ని దగ్గరకు రానీయకుండా చూస్తుంది. దాన్ని నీళ్లలో కలిపి నారుమీద పోయడం అందరూ చేసేదే. ఎస్తేరు మాత్రం నీళ్లలో కలపలేదు. అడవి పల్లెల్లో ఎరువు నీళ్లు పులియబెట్టే పద్ధతిలో, డ్రమ్ములో బెల్లం, శనగపిండి వేసి, అందులో ఈ పొడి కలిపి, మూడు రోజులు మూత పెట్టి ఉంచింది. అక్కడితో ఆగలేదు. ప్రతిసారీ అడుగున ఒక చెంబుడు మిగిల్చి, కొత్త డ్రమ్ములో కలిపింది.

"తోడు పెట్టిన మేడమ్, పెరుగుకు పెట్టినట్టు," అంది. మంచి క్రిములైతే ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదే కదా అన్నది ఆమె లెక్క.

నేను బకెట్ మీదనుంచి లేచి నిలబడ్డాను. శనగపిండిలో మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. సూడోమోనాస్‌లో చాలా రకాలు ఆ ట్రిప్టోఫాన్‌ను తిని ఆక్సిన్‌గా మార్చగలవు. మొక్క హార్మోన్‌ను బాక్టీరియా తయారుచేస్తుందన్నమాట. వేరుచేత శాఖలు వేయించి, తన తిండి పెంచుకోవడానికి దానికి తెలిసిన ఉపాయం అది. ఎస్తేరు తెలియకుండానే ఆక్సిన్ ఫ్యాక్టరీ పెట్టి, ముడిసరుకు కూడా అందించి, తోడుమీద తోడు పెట్టి, ఆ నీళ్లు నారుకు మూడుసార్లు తాగించింది. అది నిజమైతే ఇది రోగం కాదు. స్నేహం ఎక్కువైపోవడం.

మరి మూలన ఉన్న ఎనిమిది ట్రేల సంగతేమిటి? అడిగితే ఎస్తేరు దాచలేదు. చివరికి కొబ్బరి పొట్టు తక్కువైంది. ఇంటి వెనక వంగ మడి మన్ను తెచ్చి ఆ ఎనిమిదీ నింపింది. నిరుడు ఎండాకాలం ఆ మడిలో వంగ మొక్కలు నిలువునా వాలిపోయాయట. నీళ్లు చాలక పోయాయనుకుంది. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం, వాటి తెగులూ ఒకటే. ఆ మట్టితోపాటు తెగులు క్రిమి కూడా ట్రేలలోకి వచ్చింది. డ్రమ్ము నీళ్లు ఆ ట్రేలకు ఆలస్యంగా ఒక్కసారే అందాయి.

చిక్కేమిటంటే, మంచి బాక్టీరియా వచ్చినా చెడ్డది వచ్చినా మొక్క కదిలించేది దాదాపు అవే హార్మోన్లను. ఎండు తెగులు క్రిమి చేరినా ఎథిలీన్ పెరుగుతుంది, వేరు కురచ కావచ్చు. చుట్టం వచ్చినా దొంగ వచ్చినా ఇంటి కుక్క మొరిగినట్టే ఇది. మొరుగు ఒక్కటే విని ఎవరొచ్చారో చెప్పలేం. నేను ఆ పొద్దున చేసింది సరిగ్గా అదే. కాబట్టి ఎస్తేరు చెప్పింది నాకు ఎంత నచ్చినా, నచ్చినందుకే రుజువు కావాలి. ఒక్క క్రిమి ఉన్న మొక్క పొలానికి వెళ్లినా వెంకట్రావు గారికి ఇంకో రెండెకరాలు పోతాయి.

ఆయన్ను గడువు అడిగాను. వాన పదును పోకముందే నాటుకోవాలని ఆయన తొందర. చివరికి ఒప్పుకున్నాడు.

"నాలుగు రోజులాగుతా. అయిదో రోజు మీ సంతకంతో కాగితం ఉంటే తీసుకుంటాను, లేకపోతే నా దారి నేను చూసుకుంటాను. మిగతావాళ్లూ నా వెనకే ఉన్నారమ్మా, అది గుర్తుపెట్టుకోండి."

ఎనిమిది ట్రేలూ అప్పుడే మట్టితో సహా కాల్చేశాం. మిగతా నర్సరీ అంతా తిరిగి, ప్రతి వరసనుంచీ మొక్కలు తీసి, తడి వార్తాపత్రికలో చుట్టి గుర్తులు రాశాను. ఎస్తేరు తోడు నీళ్లు ఒక సీసాలో పోసిచ్చింది. తిరుగు బస్సులో ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కావిడ చేపలా అని అడిగింది. మిరప నారంటే నమ్మలేదు.

ల్యాబులో మూడు పనులు పెట్టుకున్నాను. మొదటిది, ప్రతి మొక్క వేరునూ నూరి క్రిముల్ని పెంచే రెండు రకాల ప్లేట్ల మీద పూశాను. ఒక రకం ప్లేటు మీద ఎండు తెగులు క్రిమి పెరిగితే మధ్యలో గులాబీ చుక్క ఉన్న తెల్లని మరకలుగా కనిపిస్తుంది. రెండో రకం మీద సూడోమోనాస్ పెరిగితే అతినీలలోహిత దీపం కింద వెలుగుతుంది. రెండోది, తోడు నీళ్లలో ఆక్సిన్ ఉందేమో చూసే రంగు పరీక్ష. మూడోది అన్నింటికన్నా తేలిక. ఎస్తేరు చెప్పినట్టే కొన్ని మొక్కల వేర్లు కడిగి, ఉత్త నీళ్ల గ్లాసుల్లో కిటికీ పక్కన పెట్టాను. ఆమె మాట నిజమైతే కొత్త వేర్లు పొడుగ్గా రావాలి.

రంగు పరీక్ష మరుసటి రోజే చేశాను. బెల్లం నీళ్ల రంగు చూసి నేనే మోసపోకుండా, క్రిములు లేని బెల్లం, శనగపిండి నీళ్లతో పక్కనే ఇంకో ట్యూబు పెట్టాను. రెండింటినీ వడగట్టి, మందు చుక్కలు వేసి, చీకట్లో ఉంచాలి కాబట్టి బీరువాలో పెట్టి తలుపు వేశాను. అరగంట ఆగాలి. పావుగంటకే రెండుసార్లు తెరిచి చూశాను. అరగంటకు ఒక ట్యూబు లేత పసుపుగానే ఉంది. ఎస్తేరు తోడు ఉన్న ట్యూబు మాత్రం రోజ్‌మిల్క్ రంగులోకి తిరిగింది. నేను ఆ ట్యూబు పట్టుకుని కారిడార్ అంతా తిరిగి ఎవరు కనిపిస్తే వాళ్లకు చూపించాను. మట్టి నమూనాలు ఇవ్వడానికి వచ్చిన ఒక రైతు, పాపం, మర్యాదకు చాలా బాగుందన్నాడు.

మూడో రోజు ప్లేట్లు తీశాను. కిటికీలు లేని స్టోర్ రూములో తలుపు వేసుకుని దీపం వెలిగించాను. ఒకదాని తర్వాత ఒకటి ప్లేట్లు ఆకుపచ్చగా వెలిగాయి. ప్రతి వేరుమీదా ఆ మంచి బాక్టీరియా కిక్కిరిసి ఉంది. పిలవని చుట్టాలు కూడా చాలామందే ఉన్నారు, మూడు రోజులు మూతపెట్టిన డ్రమ్ము కదా. వెలిగేవి మాత్రం లెక్కకు అందనన్ని. ఇన్నేళ్లలో ఒకే నర్సరీనుంచి అన్ని వెలిగే ప్లేట్లు చూడలేదు. స్టోర్ రూములో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తెగులు ప్లేట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాను. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. ఒక ప్లేటు మీద మాత్రం గులాబీ చుక్కతో తెల్లని మరకలు రెండున్నాయి. ప్లేటు అడుగున రాసిన గుర్తు చూశాను. కాల్చిన ఎనిమిది ట్రేలకు ఆనుకుని ఉన్న వరస అది. పైపుతో నీళ్లు కొడితే ఇటునుంచి అటు చింది ఉంటాయి. ఆ వరసా, దాని పక్క వరసా తీసేయాల్సిందే. మిగతా పందిరి మొత్తం శుభ్రంగా ఉంది. అనుమానం పోక అన్ని ప్లేట్లూ మళ్లీ మొదటినుంచి చూశాను. అదే జవాబు.

ఆ సాయంత్రం కిటికీ దగ్గర గ్లాసులు చూస్తే, కురచ వేర్ల పక్కలనుంచి కొత్త వేర్లు తెల్లగా, నిలువుగా, పొడుగ్గా దిగుతున్నాయి. ఎస్తేరుకు ఫోన్ చేసి, ముందు ఆ రెండు వరసలూ కాల్చేయమన్నాను. నీళ్లలో పొడుగు వేర్లు వచ్చాయని చెబితే, అవ్ మేడమ్, వస్తయ్ అంది. ఆమెకు అది వార్త కాదు.

అయిదో రోజు పొద్దున సంతకం చేసిన రిపోర్టు పట్టుకుని సారపాక వెళ్లాను. వెంకట్రావు గారు మరో ఇద్దరు రైతులతో వచ్చి నిలబడ్డాడు. రిపోర్టు రెండుసార్లు చదివి, మడతపెట్టి, నా వైపు చూశాడు.

"మొదటి రోజు తగలబెట్టమన్నారు. ఇవాళ నాటమంటున్నారు. ఏ మేడం గారి మాట నమ్మాలండీ?"

అడగాల్సిన ప్రశ్నే. మొదటి రోజు మూలనున్న మొక్కను మాత్రమే కోసి, మొత్తం నారుకు తీర్పు చెప్పేశానని, అది నా తప్పని అందరిముందూ ఒప్పుకున్నాను. ఇవాళ ప్రతి వరసా చూసి చెబుతున్నానని, పక్షానికోసారి వచ్చి ఆయన పొలం చూస్తానని చెప్పాను. మంచి బాక్టీరియా ఉందని తెగులు ఎప్పటికీ రాదని నేను రాసివ్వలేనని కూడా చెప్పాను. నాటేముందు నారుకు ఉత్త నీళ్లు తప్ప ఇంకేమీ పోయొద్దన్నాను. ఆయన పందిరిలోకి వెళ్లి తనే పది మొక్కలు పీకి చూశాడు. ఎస్తేరు నాలుగు రోజులుగా ఉత్త నీళ్లే పోస్తోంది కాబట్టి, కురచ వేర్ల పక్కలనుంచి అప్పటికే తెల్లని కొనలు తొంగిచూస్తున్నాయి. నారు ఎక్కించండి అన్నాడు. మిగతా ఇద్దరూ ఆయన వెనకే ట్రేలు ఎత్తుకున్నారు.

ఎస్తేరు ట్రే తర్వాత ట్రే బండికి అందిస్తూనే ఉంది. చివరి ట్రే అందించాక వెనక్కి తిరిగి, పైటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, పందిరి స్తంభాన్ని పట్టుకుని ఏడ్చింది. ఆ అయిదు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదటిసారి. నేనూ ఆగలేకపోయాను.

ఇప్పుడు మాట నిలబెట్టుకోవడం నా వంతు. దసరా దాకా వేంసూరుకు బస్సులో తిరిగాను. నారు బతికింది, నిలదొక్కుకుంది. మామూలుగా పోయే మొక్కలు పోయాయి తప్ప ఎండు తెగులు రాలేదు. ఈలోగా ల్యాబు వెనక కుండీల్లో ఇంకో పరీక్ష పెట్టాను. ఎస్తేరు నారునూ, మామూలు నారునూ నాటి, రెండింటికీ తెగులు క్రిమిని కావాలనే అంటించాను. మామూలు నారులో సగానికి పైగా వాలిపోయింది. ఎస్తేరు నారులో రెండో మూడో వాలాయి. మంచి బాక్టీరియా వేరుమీద ఉంటే మొక్క తన హార్మోన్లను ముందే సిద్ధం చేసుకుంటుంది, దొంగ వచ్చేసరికి మేలుకుని ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని ఐఎస్ఆర్, అంటే ప్రేరేపించిన రోగనిరోధక శక్తి, అంటారు. నావి కొన్ని కుండీలు మాత్రమే, వాటితో శాస్త్రం రాయలేం. అయినా ఆ కుండీలు చూడ్డానికి రోజూ గంట ముందే ల్యాబుకు వెళ్లేదాన్ని.

చదివేవాళ్లు శనగపిండి డ్రమ్ములు మొదలుపెట్టకండి. ఎస్తేరుది అదృష్టం కూడా. డ్రమ్ములో ఏ పిలవని చుట్టం పెత్తనం చేసినా కథ ఇంకోలా ఉండేది. ఆమె ఇప్పుడు ప్యాకెట్ మీద రాసిన మోతాదే వాడుతుంది. ఇంటి వెనక మన్ను జోలికి పోదు. నేను కూడా పద్ధతి మార్చుకున్నాను. ఏ నర్సరీకి వెళ్లినా వాలిన మొక్కకన్నా ముందు నిలబడ్డ మొక్కను పీకుతాను. నీకేమనిపిస్తోందని పెంచినవాళ్లను అడిగి, వాళ్ల జవాబు రాసుకున్నాకే బ్లేడు తీస్తాను.

ఈ కేసు గురించి ఎక్కడ చెప్పినా అందరూ ఆ రోజ్‌మిల్క్ రంగు గురించీ, వెలిగే ప్లేట్ల గురించీ అడుగుతారు. నేనూ ఉత్సాహంగా చెబుతాను, చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం. నన్ను వదలని సంగతి మాత్రం వేరే ఉంది. ఆ పొద్దున ఎస్తేరు నోరు తెరవకపోయి ఉంటే లక్ష మొక్కలూ మధ్యాహ్నానికి తగలబడిపోయేవి. రోగాన్ని పొలాలకు పోకుండా ఆపానన్న తృప్తితో నేను బస్సెక్కేదాన్ని. నా తప్పు నాకెప్పటికీ తెలిసేది కాదు. ఈ ఇరవై ఏళ్లలో నేను కాల్పించిన నారు కొద్దిదేమీ కాదు. అందులో ఎంత నిజంగా రోగం నారో, ఎంత ఎవరో ఒకరు నా ముందు నోరు తెరవలేక పోగొట్టుకున్నదో నాకు తెలియదు. బూడిదను పరీక్షకు ఎవరూ పంపరు.